పల్లవిని దాచిన దృశ్యగీతం: ‘థ్రిల్లర్’ – ఒక పరిశీలన

పాప్ సంగీత వీడియోను ఆల్బమ్ అమ్మకానికి ఉద్దేశించిన ప్రకటనగా భావించడం పరిపాటి. 1981లో ఎంటీవీ ప్రారంభమైన తరువాత ఈ అభిప్రాయం మరింత బలపడింది. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వీడియో దీనిని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కలిగిస్తుంది.

ఆల్బమ్ 1982 నవంబరులో వెలువడగా, జాన్ లాండిస్ దర్శకత్వం వహించిన ఈ వీడియో 1983 చివరలో వచ్చింది. నిడివి సుమారు 14 నిమిషాలు. రికార్డులో ప్రతి చరణం తరువాత పల్లవి వస్తుంది. శ్రోత మనసులో నిలిచేది పల్లవే కనుక, ప్రకటన మాత్రమే లక్ష్యమైతే దానినే ముందుగా వినిపించాలి. వీడియోలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. నాయకుడు నాయికతో నడుస్తూ చరణాలనే వరుసగా పాడతాడు. సమాధుల నుంచి శవాలు లేచి, తానూ ప్రేతరూపం దాల్చి, వాటితో నర్తించడం మొదలైన తరువాతే పల్లవి వినిపిస్తుంది. సరిగ్గా అప్పుడే అతని మానవముఖం తిరిగి కనిపిస్తుంది.

అంటే ఇక్కడ పల్లవి కథకు మలుపుగా మారింది. తన ముఖం ఎప్పుడు, ఏ రూపంలో కనిపించాలో నిర్ణయించే అధికారం గాయకునికి రికార్డు ఇవ్వలేదు, వీడియో ఇచ్చింది. ఈ వీడియో ఆల్బమ్ అమ్మకాలను పెంచిన మాట వాస్తవమే. అయితే వ్యాపార ప్రయోజనం ఫలితాన్ని వివరిస్తుందే గాని, నిర్మాణాన్ని వివరించలేదు.