మనిషి-నెల : బ్రూక్సు గ్రంథ విమర్శనము

వృత్తులను గూర్చిన గ్రంథములు రెండు తెఱగులు. పని చేయించువారు వ్రాసినవి కొన్ని. పని చేయువారు వ్రాసినవి కొన్ని. సాఫ్ట్‌వేర్ వృత్తిని గూర్చి మిక్కిలి ప్రసిద్ధిగాంచిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ మొదటి తెగకు చెందినది. దీని కర్త ఫ్రెడరిక్ బ్రూక్సు (1931-2022). ఐ.బి.ఎం. సంస్థ 1964లో ప్రకటించిన సిస్టమ్/360 కంప్యూటరు నిర్మాణమునకును, పిమ్మట దానిని నడపు ఓఎస్/360 రచనకును ఆయన నాయకత్వము వహించెను. ఆ అనుభవసారమును 1975లో గ్రంథస్థము చేసెను; 1995లో నాలుగధ్యాయములు చేర్చి మరల వెలువరించెను. బెంగళూరు, చెన్నపట్టణము, పుణె నగరములందు తరతరములుగా నెలకొనియున్న తెలుగు కుటుంబములలో ఈ వృత్తి నవలంబించిన బిడ్డలు నేడు పలువురు కలరు. వారి దినచర్యను ఇంటి పెద్దలు గ్రహించుటకు ఈ గ్రంథమెంతవరకు తోడ్పడునో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

గ్రంథనామమునందే సిద్ధాంతమిమిడియున్నది. ఒక మనిషి ఒక నెలలో చేయు పనిని కొలతగా గైకొని, పండ్రెండు నెలల పనిని పండ్రెండుగురు ఒక నెలలో ముగింతురని లెక్కించుట భ్రాంతియని ఆయన వాదము. వరికోతను అట్లు పంచుకొనవచ్చును. గర్భమును తొమ్మండుగురు స్త్రీలకు పంచి నెలలో బిడ్డను గనజాలము. ప్రోగ్రాము రచనలో ప్రతివాడును తక్కినవారితో సంప్రదింపవలసియుండును. ముగ్గురున్నచో అట్టి జతలు 3, పదుగురున్నచో 45, ఏబదిమంది యున్నచో 1225. కావున ఆలసించిన పనికి మనుష్యులను జేర్చినకొలది అది మరింత ఆలసించునని ఆయన తీర్మానించెను. మంత్రసానులెక్కువైన బిడ్డ వంకరయను మన సామెతకు ఈ సూత్రము సమీప బంధువు.

కాలవిభజనమును గూర్చి ఆయన చెప్పిన లెక్క ఇంకను విలువైనది. మొత్తము కాలములో మూడవవంతు ఆలోచనకు, ఆరవవంతు కోడు వ్రాయుటకు, నాలుగవవంతు విడిభాగముల పరీక్షకు, మిగిలిన నాలుగవవంతు సమగ్ర వ్యవస్థ పరీక్షకు కేటాయింపవలెను. ఎల్లవేళల మీటలు నొక్కుచుండుటయే ఈ వృత్తియని తలచువారికి ఈ ఒక్క లెక్క చాలును. ఉదయపు సమావేశమున నిలుచుండి నిన్నటి పని విన్నవించుట, ఏండ్ల క్రిందట ఎవరో వ్రాసి విడిచిన కోడు చదువుట, తోటివారి మార్పులను పరిశీలించుట, దోషమెచట పుట్టినదో వెదకుట – దినములో హెచ్చుభాగము వీనికే చెల్లిపోవును. నేడు కోడును తామే వ్రాయు యంత్రములు వచ్చినవి. బ్రూక్సు లెక్క ననుసరించి ఆ ఆరవవంతు పూర్తిగా శూన్యమైనను తక్కిన అయిదు వంతులు మిగిలియుండును. పరీక్షలకును యంత్రము తోడ్పడవచ్చును. కాని ఏమి కావలయునో నిర్ణయించు భారము మనుజునిదే. అసలు క్లేశము ఈ నిర్ణయమునందే కలదని బ్రూక్సు 1986 నాటి వ్యాసమున వాదించియుండెను.

ఇక లోపములు. హార్లన్ మిల్సు సూచన ననుసరించి, శస్త్రవైద్యునివంటి ప్రధాన రచయిత యొకడు, అతనికి సహాయకులు తొమ్మండుగురు గల బృందమును ఆయన మెచ్చుకొనెను. ఆ తొమ్మండుగురు ఎట్లు వృద్ధిలోనికి రాగలరో తెలియజాలదు. మరమ్మతుల విషయమున ఆయన లెక్కలు నిశితములే: విరివిగా వాడబడు ప్రోగ్రామును నిలుపుకొనుటకు దాని నిర్మాణవ్యయములో నూటికి 40 పాళ్లో, అంతకు మించియో అగుననియు, ఒక దోషమును సవరించినచో క్రొత్త దోషము పుట్టుటకు నూటికి 20 మొదలు 50 వరకు అవకాశము గలదనియు చెప్పెను. కాని ఆ దోషము అర్ధరాత్రమున బయల్పడినపుడు నిద్రలేచి దానిని సవరించువాని ముఖము ఈ పుటలలో కానరాదు.

ఇంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. మనుష్యుల సంఖ్యను నెలల సంఖ్యచే గుణించిన వ్యయము తేలును గాని పురోగతి తేలదని బ్రూక్సు స్పష్టముగా వేరుచేసెను. మన నగరములలో పెరిగిన ఎగుమతి వ్యాపారమున చాల ఒప్పందములు మనుష్యులను, గంటలను లెక్కించియే కుదిరినవి. కొనువానికిని అమ్మువానికిని వ్యయపు లెక్క సరిపోవును. సరిపోని పురోగతి లెక్కను ఎవరు పూరింపవలెను? పని చేయువాడే తన సాయంకాలములతో పూరించుచున్నాడు. న్యూయార్కులో ఉదయము 9 గంటలగునప్పటికి శీతకాలమున బెంగళూరులో రాత్రి 7-30 అగును. అచటివారి దినము మొదలగునప్పుడు ఇచటివాని భోజనవేళ సమీపించుచుండును. ఆలసించిన పనికి మనుష్యులను జేర్చరాదన్న సూత్రము విన్న అధికారి, ఉన్నవారి గంటలనే పెంచినచో, గ్రంథమునందలి అక్షరము నిలిచి ఆశయము భంగపడినట్లే. ఈ ప్రమాదమునకు ఆయన గ్రంథము తగిన అడ్డు కల్పింపలేదు.

అయినను ఇది చదువదగిన గ్రంథము. తాను నడపిన పని ఆలసించిన విధమును దాచక చెప్పిన నాయకులు అరుదు. 1975లో ఆక్షేపించిన పార్నాసు మతమే సరియైనదని 1995లో అంగీకరించుట ఆయన నిజాయితీకి నిదర్శనము. లోటెల్ల, పని చేయించువాని పీటనుండి చూచినంతమేరకే ఈ చిత్రమున్నదనుటయే.

రెండవ భాగమును పని చేయువారు వ్రాయవలెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశము వ్యవసాయదారుల నోటనుండి వారి మాటలను సేకరించెను. సాఫ్ట్‌వేర్ వృత్తిలోని మనవారి మాటలను, వేళలను, అలసటను, ఆనందమును సేకరించు పని ప్రవాసాంధ్ర సంఘములు చేపట్టదగినది. అంతవరకు పెద్దలు బిడ్డను జీతమెంతయని అడుగుటతో తృప్తిచెందక, నేడు ఏ భాగము చిక్కుపడినదని యడిగినచో, కనీసము ఒక యింట ఆ గ్రంథరచన మొదలైనట్లగును.