క్లౌడ్ ప్రాంతముల నిర్మాణము: వేరు గోడలు, ఒకే పునాది

"క్లౌడ్" అను ఆంగ్లపదమునకు మేఘమని అర్థము. తమ ఛాయాచిత్రములు, బ్యాంకు లెక్కలు, పరీక్షా ఫలితములు క్లౌడులో ఉన్నవని నేడు ఉన్నత పాఠశాలా విద్యార్థులు సైతము చెప్పుచుందురు. ఈ పేరు వినుటకు ఇంపైనదే గాని బోధనకు అనువైనది కాదు. మేఘమునకు చిరునామా లేదు, గోడలు లేవు, దానికి నిప్పంటుకొనదు. నిజమునకు ఆ సమాచారమంతయు నేలమీదనే, ఇనుముతోను సిమెంటుతోను కట్టిన భవనములలో, విద్యుత్తు తీగెల చివర ఉన్నది. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరములో ఓవీహెచ్ అను సంస్థకు చెందిన భవనము తగులబడగా, లక్షలాది వెబ్‌సైట్లు ఒక్కసారిగా కనబడకుండ పోయినవి.

ఇట్టి ఆపదలు రాగలవని క్లౌడ్ సంస్థలు ఎరుగనివి కావు. వానిని ఎదుర్కొనుటకే అవి తమ భవనములను మండలములుగాను ప్రాంతములుగాను విభజించినవి. ఒకటి పోయినను మరియొకటి నిలిచియుండునన్నది ఈ విభజనలోని వాగ్దానము. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయములు ఆ వాగ్దానమును నమ్మియే తమ లెక్కలను అప్పగించినవి. కావున అది ఎంతవరకు నిలిచినదో, ఎచ్చట తప్పినదో పరిశీలించుట అవసరము.

ఏర్పాటు ఎట్టిది?

ఈ నిర్మాణమును క్రిందినుండి పైకి చూచినచో సులభముగా బోధపడును. అన్నిటికంటె చిన్న అంగము సర్వరు. తెరయు కీబోర్డును లేని కంప్యూటరే సర్వరు. ఇట్టివి పదులకొలది ఒక ఇనుప చట్రములో అరలు అరలుగా అమర్చబడును. అట్టి చట్రములు వరుసలుగా నిలిపిన విశాలమైన భవనమే డేటా సెంటరు. సర్వరు తాను పుచ్చుకొన్న విద్యుత్తును దాదాపు అంతయు ఉష్ణముగా మార్చివేయును. కావున యంత్రములకు విద్యుత్తును అందించుట ఎంత ముఖ్యమో, వాని వేడిని బయటికి పంపుటయు అంత ముఖ్యము. సరఫరా ఆగినచో మొదట బ్యాటరీలు కొన్ని నిమిషములు భారము మోయును. అంతలో డీజిలు జనరేటర్లు పని ప్రారంభించును.

ఇట్టి డేటా సెంటరు ఒకటిగాని, కొన్ని కలిసిగాని ఒక "అవైలబిలిటీ జోన్" అగును. దానిని మండలము అనుకొనవచ్చును. కొన్ని మండలములు కలిసినది ఒక "రీజియన్", అనగా ప్రాంతము. జిల్లాలో మండలములున్న రీతిగనే ఇదియునని విద్యార్థులకు చెప్పినచో చాలును. అమెజాన్ వెబ్ సర్వీసెస్ సంస్థ కంప్యూటర్లను ఈ రీతిగా అద్దెకిచ్చు పనిని 2006లో ప్రారంభించి, 2008లో మండలముల పద్ధతిని ప్రవేశపెట్టినది. ఆ సంస్థ నియమము ప్రకారము ప్రాంతమొక్కింటికి కనీసము 3 మండలములుండవలెను. ప్రతి మండలమునకును వేరు విద్యుత్తు, వేరు శీతలీకరణము ఉండవలెను. ఒకదానికొకటి అనేక కిలోమీటర్ల ఎడముగా ఉండవలెను గాని, 100 కిలోమీటర్లకు మించరాదు. మైక్రోసాఫ్ట్, గూగుల్ సంస్థలును ఇట్టి పేర్లనే వాడుచున్నవి. కాని పేరు ఒకటైనంత మాత్రమున వస్తువు ఒకటి కాదు. మైక్రోసాఫ్ట్ ప్రాంతములలో కొన్నిటికి మండలములే లేవు.

భారతదేశములో అమెజాన్ సంస్థయొక్క మొదటి ప్రాంతము 2016లో ముంబయియందు, రెండవది 2022 నవంబరు 22న హైదరాబాదునందు ప్రారంభమైనవి. హైదరాబాదు ప్రాంతములో 3 మండలములు కలవు.

దూరము వెనుకనున్న లెక్క

మండలముల మధ్య దూరమునకు 100 కిలోమీటర్ల హద్దు ఎందుకు? దీనికి సమాధానము భౌతికశాస్త్రములో ఉన్నది. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. అనగా 100 కిలోమీటర్లు పోయి వచ్చుటకు సెకనులో వెయ్యవ వంతు పట్టును. ఒక బ్యాంకు ఖాతాలో సొమ్ము జమ అయినప్పుడు, ఆ వ్రాత రెండు మూడు మండలములలో పడినదని తెలిసిన పిమ్మటనే "జమ అయినది" అని చెప్పవలెనన్నచో, ఈ కొద్దిపాటి ఆలస్యము సహింపదగినది. మరీ దగ్గరగా ఉంచినచో ఒకే వరద అన్నిటిని ముంచును. మరీ దూరముగా ఉంచినచో ప్రతి వ్రాతకును వేచియుండవలసి వచ్చును. మండలమను ఊహ ఈ రెంటికి నడుమ కుదిరిన రాజీ.

రెండు చాలక మూడు ఎందుకన్న ప్రశ్నయు ఉచితమైనదే. రెండు మండలముల నడుమ తీగె తెగినచో, ప్రతిదియు రెండవది మరణించినదనియే భావించును. రెండును తామే యజమానులమని లెక్కలు వ్రాయ మొదలిడును. పిదప ఆ రెండు లెక్కలును పొసగవు. మూడు ఉన్నచో తమలో ఏ రెండు ఏకీభవించిన, వాని మాట చెల్లును. పంచాయతీలో సభ్యుల సంఖ్య బేసిగా ఉండుటలోని యుక్తి ఇదియే.

ప్రాంతముల విషయము వేరు. హైదరాబాదునుండి ముంబయికి సూటిగా 600 కిలోమీటర్లకు పైగా ఉన్నది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమునకు సుమారు 13,000 కిలోమీటర్లు. అంతదూరము కాంతి తంతువులో పోయి వచ్చుటకు సెకనులో వెయ్యింట 130 వంతులు పట్టును. తంతువు సూటిగా పోదు కనుక వాస్తవముగా ఇంకను ఎక్కువ. కావున ప్రాంతముల మధ్య నకళ్లు సాధారణముగా కొంచెము వెనుకబడి చేరుచుండును. మొదటి ప్రాంతము హఠాత్తుగా నశించినచో, చివరి క్షణముల వ్రాతలు కొన్ని పోవచ్చును. ప్రాంతములోపల కచ్చితము, ప్రాంతముల మధ్య కొంత నష్టమునకు సిద్ధపాటు: ఈ ఏర్పాటు సారమిదియే.

మెచ్చవలసినది

నిప్పు, నీరు, విద్యుత్తు లోపము అను మూడు శత్రువులకు ఈ విభజన చక్కని సమాధానము. ఒక కార్యాలయము తన యంత్రములను ఒకే గదిలో ఉంచుకొన్నదానికంటె ఇది ఎంతో మేలు. చిన్న సంస్థయు తనంత తాను కట్టుకొనజాలని మూడు భవనముల భద్రతను అద్దెకు పొందగలుగుచున్నది. ఫలితములు వెలువడిన నాడు లక్షలమంది విద్యార్థులు ఒకే గంటలో చూడవచ్చినను, ఆ గంటకు మాత్రమే అదనపు యంత్రములు తీసికొని మరునాడు తిరిగి ఇచ్చివేయవచ్చును. 2018లో రిజర్వు బ్యాంకు చెల్లింపుల సమాచారమును భారతదేశములోనే నిలువచేయవలెనని ఆదేశించినది. అమెజాన్ సేవనే నమ్ముకొన్నవారికి అప్పుడు దేశములో ముంబయి ఒక్కటే ప్రాంతము. హైదరాబాదు వచ్చిన పిమ్మటనే దేశములోపలనే రెండవ నిలువకు తావు కలిగినది.

మొదటి లోపము: పేర్లు

ఇక లోపములు. స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ భవనములకు ఎస్‌బీజీ1 మొదలు ఎస్‌బీజీ4 వరకు వేర్వేరు పేర్లుండెను. వేర్వేరు డేటా సెంటర్లనియే వానిని పిలిచిరి. కాని అన్నియు ఒకే ఆవరణలో ప్రక్కప్రక్కనే ఉండెను. ఎస్‌బీజీ2 పూర్తిగా కాలిపోయెను. ఎస్‌బీజీ1లో కొంతభాగము కాలెను. మిగిలిన రెండిటికి విద్యుత్తు ఆపవలసి వచ్చెను. ఒక ఖాతాదారుని అసలును నకలును ఒకే భవనములో ఉండి రెండును పోయినవి. 2023లో ఫ్రాన్సులోని న్యాయస్థానము అతనికి పరిహారమిప్పించినది.

అదే 2023 ఏప్రిల్‌లో గూగుల్ సంస్థయొక్క పారిస్ ప్రాంతములో ఒక భవనమున నీరు చొరబడి, అది బ్యాటరీ గదిలో మంటకు దారితీసెను. ఒక మండలమంతయు, మరియొక మండలములో కొంతభాగము ఆపవలసి వచ్చెను. ఒక చోటి ప్రమాదము రెండు మండలములను తాకినదన్నచో, ఆ రెండు పేర్ల నడుమ ఎంత ఎడమున్నదని అడుగవలసియున్నది. కిలోమీటర్ల లెక్క చెప్పని మండలము వట్టి పేరు మాత్రమే.

రెండవ లోపము: దాగియున్న పునాది

దీనికంటె లోతైన లోపము మరియొకటి. దానిని గ్రహించుటకు సంభావ్యతా గణితము అక్కరపడును. ఒక మండలము ఒకానొక రోజున చెడు సంభావ్యత 100లో 1 అని ఊహింతము. రెండు మండలములు ఒకేనాడు చెడు సంభావ్యత 10,000లో 1. మూడును చెడుట 10,00,000లో 1. వట్టి గుణకారముచే భద్రత ఇంతగా పెరుగుట చూచి ఆనందపడుట సహజము. కాని ఈ గుణకారము ఆ సంఘటనలు పరస్పరము స్వతంత్రములైనప్పుడే చెల్లును. మూడింటికిని ఉమ్మడియైన ఆధారమొకటి ఉండి, అది చెడు సంభావ్యత 1,000లో 1 అయినచో, మండలములు మూడైనను ముప్పదియైనను మొత్తము వ్యవస్థ చెడు సంభావ్యత 1,000లో 1కి తగ్గదు. ఎన్ని గోడలు కట్టినను పునాది ఒక్కటే!

ఇది ఊహమాత్రము కాదు. 2025 అక్టోబరు 20న అమెజాన్ సంస్థయొక్క ఉత్తర వర్జీనియా ప్రాంతము, అనగా యుఎస్-ఈస్ట్-1, చిక్కులో పడినది. ఎచ్చటను నిప్పు లేదు, వరద లేదు. భవనములన్నియు క్షేమముగనే ఉన్నవి. చెడినది చిరునామా పట్టిక. డైనమోడీబీ అను సమాచార నిలువ సేవను వెదకికొనుటకు ఇతర యంత్రములు డీఎన్ఎస్ అను పట్టికను చూచును. ఆ పట్టికను ఎప్పటికప్పుడు సరిచేయుటకు సంస్థ ఒకే విధమైన ప్రోగ్రాములను మూడు మండలములలో, ఒకదానితో ఒకటి సంబంధము లేకుండ నడుపుచుండెను. ఒకటి చెడినను మిగిలినవి పనిచేయవలెనను సదుద్దేశమే దీనికి కారణము. ఆనాడు వానిలో ఒకటి మిక్కిలి ఆలస్యముగా నడచి, పాతబడిన పట్టికను క్రొత్తదానిపై వ్రాసినది. అదే సమయమున రెండవది పాత పట్టికలను తుడిచివేయు పని చేపట్టి, దానిని తొలగించినది. తుదకు ఆ సేవకు చిరునామాయే లేకుండ పోయినది.

ఆ సేవ సుమారు మూడు గంటలలో కోలుకొన్నను, దానిపై ఆధారపడిన ఇతర సేవలు చక్కబడుటకు పగలంతయు పట్టెను. అన్ని ప్రాంతములకును ఉమ్మడియైన కొన్ని పనులు, ముఖ్యముగా ఖాతాదారుల అనుమతులలో మార్పులు చేయుట వంటివి, ఆ ఒక్క ప్రాంతముపైననే ఆధారపడియుండుటచే, ఇతర ప్రాంతములను వాడువారికిని కొంత బాధ తప్పలేదు.

ఇందు గమనింపదగిన విశేషమేమనగా, మూడు మండలములలో మూడు ప్రోగ్రాములను ఉంచుట నిప్పునుండి రక్షణ. కాని ఆ మూడును ఒకే పట్టికను ముట్టుచున్నవి. స్థలముచే అవి వేరు, పనిచే ఒకటి. విభజన నేలకు జరిగినది, వ్రాతకు జరుగలేదు.

మూడవ లోపము: భారము ఎవరిది?

ఈ ఏర్పాటు తనంత తాను ఎవరిని రక్షింపదు. ఒకే సర్వరు అద్దెకు తీసికొన్నవాని పని ఒకే మండలములో ఉండును. రెండవ మండలమునకు వేరుగా అద్దె చెల్లించవలెను. ప్రాంతమునుండి ప్రాంతమునకు సమాచారము పంపుటకును రుసుము కలదు. కనుక సొమ్ము తక్కువైనవాడు మేఘమను పేరు విని, ఒకే గదిలో కూర్చున్నట్లు గ్రహింపక నిశ్చింతగా ఉండును.

ప్రభుత్వములును దీనికి అతీతములు కావు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజియాన్ నగరమున ప్రభుత్వ డేటా సెంటరులో లిథియం బ్యాటరీలు అంటుకొనగా, 600కు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయినవి. ఉద్యోగులు తమ కార్యాలయ పత్రములను దాచుకొను నిలువ ఒకటి, 858 టెరాబైట్ల సమాచారముతో, మరల రాకుండ నశించినది. అది చాల పెద్దదగుటచే వేరొకచోట నకలు ఉంచబడలేదు. పెద్దది గనుకనే నకలు ముఖ్యమని ఎవరును తలపలేదు కాబోలు!

తీర్పు

క్లౌడ్ ప్రాంతముల నిర్మాణమును త్రోసిపుచ్చుట న్యాయము కాదు. నిప్పును నీటిని ఓడించుటలో, సరిగా అమలుజరిపినచో, అది ప్రశంసాపాత్రమే. అమెజాన్, గూగుల్ వంటి సంస్థలు పెద్ద వైఫల్యముల పిమ్మట కారణములను ప్రకటించుటయు మెచ్చదగినదే. పై వివరములు లోకమునకు తెలిసినది అందువలననే. కాని ఆ ప్రకటనలు ఆపద జరిగిన పిమ్మట వచ్చుచున్నవి. ఏ సేవ ఏ ప్రాంతముపై ఆధారపడినది, ఏ మండలము ఏ మండలమునకు ఎంత ఎడము అను విషయములు ముందుగనే, సామాన్య ఖాతాదారునికి అర్థమగు రీతిని తెలుపబడవలెను. వంతెనపై ఎంత బరువు పోవచ్చునో పలకపై వ్రాసి ఉంచుదురు. వంతెన కూలిన పిదప వ్రాయరు.

ఉన్నత పాఠశాలలలో సంభావ్యతను బోధించు ఉపాధ్యాయులకు ఇది మంచి ఉదాహరణము. నాణెములు, పాచికలు స్వతంత్ర సంఘటనలకు చక్కగా సరిపోవును గాని, స్వతంత్రము కానివాని సంగతి వానివలన తెలియదు. ఒకే తాళపుచెవికి మూడు తాళములు తెరచుకొనునట్లున్న పెట్టెను తరగతిలో చూపి, ఇది మూడు రెట్లు భద్రమా అని అడిగినచో, విద్యార్థులే సమాధానము చెప్పుదురు. అటుపిమ్మట పాఠశాలా రికార్డులు "క్లౌడులో ఉన్నవి" అని ఎవరైన చెప్పినప్పుడు వారు మూడు ప్రశ్నలు వేయగలరు: ఎచ్చట ఉన్నవి? నకలు ఎచ్చట ఉన్నది? ఆ రెంటికిని ఉమ్మడియైనదేమి? మూడవ ప్రశ్నకు సమాధానము దొరకనిచోట, నకలొకటి పాఠశాల బీరువాలోను ఉంచుట మంచిది.