గంగవాయిలి కూర మీద బతికే సీతాకోక

తొలి వానలు పడ్డాక సంగారెడ్డి జిల్లా చిట్కుల్ చెలకల్లో గంగవాయిలి కూర నేలను అతుక్కుని పాకుతుంది. మనం పప్పులో వేసుకునే ఈ ఆకే హైపోలిమ్నస్ మిసిపస్ అనే సీతాకోక పిల్లలకు మేత. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో దీన్నీ చేర్చారు. కూర కోసేటప్పుడు నేను ఆకులు తిరగేసి చూస్తాను. నల్లటి ఒళ్లంతా ముళ్లు, తల మీద రెండు కొమ్ములు ఉన్న గొంగళిపురుగు కనిపిస్తే ఆ మొక్కను వదిలేస్తాను.

మగది నల్లన, తెల్లమచ్చల చుట్టూ ఊదారంగు మెరుపు. ఆడది ప్లెయిన్ టైగర్ అనే మరో సీతాకోక వేషం వేస్తుంది. జిల్లేడాకు తిని పెరిగిన ప్లెయిన్ టైగర్ ఒంట్లో విషం ఉంటుంది కనుక పిట్టలు ముట్టవు, దాని పోలికతో దీన్నీ వదిలేస్తాయి. వెనుక రెక్క నడుమ మూడు నాలుగు నల్లచుక్కలుంటే ప్లెయిన్ టైగర్. పై అంచున ఒక్కటే ఉంటే మన గంగవాయిలి సీతాకోక.

గంగవాయిలికి దున్నిన నేల, మంచి ఎండ కావాలి. పడావు పెడితే గడ్డి కమ్మేస్తుంది, ప్లాట్లు చేస్తే మొలవనే మొలవదు. సాగు మానితేనే సీతాకోకలు బతుకుతాయన్న మాట అందుకే నాకు నచ్చదు. ఇంగ్లండ్‌లో లార్జ్ బ్లూ అనే సీతాకోక 1979లో అంతరించింది. పశువుల మేపు తగ్గి గడ్డి ఏపుగా పెరగడంతో, దాని గొంగళిపురుగులను పుట్టలో పెంచే ఎర్రచీమలు నిలవలేదు. మళ్లీ పశువులను మేపి, స్వీడన్ నుంచి తెచ్చి దాన్ని నిలబెట్టారు.

గుంటుక తోలినా, చేత్తో కలుపు తీసినా కొంత గంగవాయిలి మిగులుతుంది. గడ్డిమందు కొడితే మిగలదు. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022లో ఆంక్ష పెట్టింది. అయినా దాన్ని వాడే రైతును తప్పుపట్టలేను. దగ్గర్లోని పాశమైలారం ఫ్యాక్టరీల్లో నెల జీతం వదులుకుని కలుపుకు ఎవరొస్తారు? జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు పలు పంటలు కలిపి వేస్తూ, వాటి నడుమ మొలిచే ఆకులను కూరగా కోసుకుంటారు. వాళ్లకది కలుపు కాదు, తిండి. పటాన్‌చెరు ప్రాంతపు నక్కవాగు ఒడ్డున మొలిచిన కూర మాత్రం కోయకండి. ఏళ్ల తరబడి ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసిన వాగు అది.

పత్తి చేను మొత్తం మందు లేకుండా చేయమని అడగను. సాళ్ల మధ్య వీలైనంత గుంటుక తోలండి, గట్ల మీద మందు కొట్టకండి. గట్టున జిల్లేడు చెట్టుంటే నరకకండి. ప్లెయిన్ టైగర్ తిరగని చోట ఆడ సీతాకోక వేషం ఏ పిట్టనూ ఆపదు.