జూమ్ ఎవరి మీద ఆపాలి?

మా బళ్లారి సత్యనారాయణపేటలో ఇప్పుడు పెళ్లి వీడియో చేయించుకోవడానికి వచ్చే పిల్లలు ముందుగా ఫోన్ తీసి ఒక రీల్ చూపిస్తారు. "అన్నా, మాది గూడ ఇట్లే రావాల." అందులో ఏ ఫోటో కుదురుగా ఉండదు. ఒకటి ఊగుతుంది, ఒకటి మీదికి దూకుతుంది, ఇంకొకటి గిర్రున తిరిగి మాయమవుతుంది. వాళ్లను తప్పుపట్టను. కీఫ్రేమ్ అనేది కొత్తగా చేతికందిన వాడెవడైనా ముందు చేసే పని అదే.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫోటో సైజు చూపించే స్కేల్ పక్కన చిన్న స్టాప్‌వాచ్ గుర్తుంటుంది. దాన్ని నొక్కితే టైమ్‌లైన్ మీద డైమండ్ ఆకారంలో ఒక చుక్క పడుతుంది, అదే కీఫ్రేమ్. అక్కడ స్కేల్ 100. రెండు సెకన్లు ముందుకు జరిగి 115 కొడితే ఇంకో చుక్క పడుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఆ రెంటి మధ్య 49 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు 0.3 చొప్పున పెంచుకుంటూ పోయే పని సాఫ్ట్‌వేర్‌ది. సైజే కాదు, మసక, రంగు, పాట సౌండు, అంకెతో నడిచే ఏ ఎఫెక్ట్‌నైనా ఇట్లాగే నడిపించవచ్చు.

ఈ పద్ధతి బొమ్మల సినిమాల నుంచి వచ్చింది. చేత్తో గీసే రోజుల్లో పెద్ద చిత్రకారుడు ముఖ్యమైన భంగిమలు గీస్తే, మధ్య బొమ్మలన్నీ సహాయకులు గీసేవారు. ఆ సహాయకుల పనిని కంప్యూటర్‌కు నేర్పినవాళ్లు కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో పనిచేసిన నెస్టర్ బర్ట్‌నిక్, మార్సెలి వైన్. వాళ్ల పద్ధతితో పీటర్ ఫోల్డెస్ 1974లో 'హంగర్' అనే చిన్న చిత్రం తీశాడు. తింటూ తింటూ ఉబ్బిపోయే మనిషి కథ అది. ఆస్కార్‌కు నామినేట్ అయింది. తిండి కథలో మనం వెనకబడలేదు లెండి, 1957లోనే 'మాయాబజార్'లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి పోయాయి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ దగ్గర కెమెరా తప్ప కంప్యూటర్ లేదు.

మధ్య పని యంత్రం చూసుకుంటుంది కాబట్టి అంతా సులువనుకుంటారు. యంత్రానికి వదిలేస్తే అది ఒకే వేగంతో కదిలి, టక్కున ఆగుతుంది. ఆలూరు బస్సు స్టాండులోంచి ఒకేసారి అరవై మీద బయటపడుతుందా? మెల్లగా కదిలి, వేగం అందుకుని, ఊరు వచ్చేముందు మళ్లీ నెమ్మదిస్తుంది. చుక్క మీద రైట్‌క్లిక్ చేసి ఈజ్ అవుట్, ఈజ్ ఇన్ ఇస్తే ఫోటోకూ ఆ నడక వస్తుంది. ఈ రెండు క్లిక్కులు చేయని వీడియోను నేను అవతలి గదిలోంచి చూసినా పట్టేస్తాను.

ఇంకో తిప్పలుంది. ఫోటో వచ్చి ఒకచోట నిలబడాలి, మూడు సెకన్ల తర్వాత వెళ్లిపోవాలి. పొజిషన్‌కు ఒకే విలువతో రెండు చుక్కలు పెడతాం. ప్లే చేస్తే నిలబడాల్సిన ఫోటో మెల్లగా పక్కకు జారి, మళ్లీ చోటికి వస్తుంది! విలువల్లో తేడా ఏమీ ఉండదు. దారిని వంపుగా గీయడం సాఫ్ట్‌వేర్‌కు అలవాటు, ఆ వంపు కొస ఈ నిలకడలోకి చొరబడుతుంది. స్పేషియల్ ఇంటర్‌పోలేషన్‌ను లీనియర్ చేస్తే కుదురుకుంటుంది. కుర్ర ఎడిటర్లు దీనికి మధ్యలో ఇంకా నాలుగు చుక్కలు కుక్కి రోగం ముదరబెడతారు.

అక్షరాలతో పేచీ వేరు. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది గాని, ఇక్కడ పెళ్లి టైటిల్‌లో కన్నడం, తెలుగు రెండూ పడాల్సిందే. ఇంగ్లీషు పేరును ఒక్కో అక్షరంగా ఎగరేసే ఎఫెక్ట్‌ను తెచ్చి మన 'కల్యాణమస్తు' మీద వేస్తారు. అను ఫాంట్‌లో మనకు ఒక అక్షరంగా కనిపించేది సాఫ్ట్‌వేర్‌కు రెండు మూడు ముక్కలు. లకారం వచ్చి నిలబడ్డాక యవత్తు తీరిగ్గా వచ్చి అతుక్కుంటుంది. నుడి ఫాంట్‌తో రాసిన కన్నడానిదీ అదే గతి. మాట మొత్తాన్ని ఒకే లేయర్‌గా ఉంచి, ఒపాసిటీని సున్నా నుంచి వందకు తీసుకురండి చాలు. మన లిపికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి.

ఇక పాత ఫోటోలు. అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ 1990లో 'సివిల్ వార్' సిరీస్‌లో నిశ్చలమైన ఫోటోల మీద కెమెరాను నిదానంగా నడిపించి జనాన్ని కూర్చోబెట్టాడు. ఇప్పుడు ఆపిల్ సాఫ్ట్‌వేర్‌లో ఆయన పేరుతోనే ఒక ఎఫెక్ట్ ఉంది. అయితే అందులో బటన్ నొక్కితే రానిదొకటుంది. ఆయన ఫోటోలో ఒక చోట మొదలుపెట్టి, చూడాల్సిన చోట ఆపుతాడు. ఇరవైమంది కూర్చున్న పెళ్లి గ్రూపు ఫోటోలో చివర్న నిలబడ్డ అవ్వ ముఖం దగ్గరికి ఆరు సెకన్లలో వెళ్లి, అక్కడ ఇంకో నాలుగు సెకన్లు ఏమీ చేయకుండా ఉంటే, హాల్లో అవ్వను ఎరిగినవాళ్లు మాటలాపి తెర వైపు చూస్తారు. దానికి రెండే కీఫ్రేములు. చూపించడానికి ఏమీ లేని ఫోటోకు ఒక్కటి కూడా దండగ.

కాబట్టి పెళ్లివారికి ఒక మనవి. పాత ఫోటోలను ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపకండి. అట్లా నలిగి చిన్నదైపోయిన ఫోటోలో ముఖం దగ్గరికి వెళ్తే ముక్కూ మొహం చుక్కలుగా విడిపోతాయి. అసలు ఫోటో తెచ్చివ్వండి, స్కాన్ చేసి అప్పుడే తిరిగి ఇచ్చేస్తాం. దాంతోపాటు ఎవరెక్కడ కూర్చున్నారో, వాళ్లలో మీకు కావలసినవాళ్లెవరో ఒక చీటీ మీద రాసివ్వండి. అది మీరు చెప్పకపోతే జూమ్ ఎవరి మీద ఆపాలో మాకెట్లా తెలుస్తుంది?