హన్నా సమాధానము ఎప్పుడు కలిగినది?
మలివయస్సు మాతృత్వము, మన ప్రసంగములు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

2019 సెప్టెంబరు 5న గుంటూరులోని ఒక ఆసుపత్రిలో, తూర్పు గోదావరి జిల్లాకు చెందిన డెబ్బది ఏళ్లు దాటిన ఒక స్త్రీ శస్త్రచికిత్స ద్వారా కవల ఆడపిల్లలను కన్నది. ఆమె వివాహము 1962లో జరిగినది. దాత ఇచ్చిన అండముతో, ఐ.వి.ఎఫ్. పద్ధతిలో ఆమె గర్భము ధరించినది. ఆ వార్త విన్నప్పుడు మనలో అనేకులకు శారా, ఎలీసబెతు జ్ఞాపకము వచ్చుట సహజము. అయితే ఊరివారు తనను గొడ్రాలు అన్నారని ఆమె పత్రికలవారితో చెప్పిన మాటను మనము ఎక్కువగా పట్టించుకొనలేదు. శారాను గూర్చి మన తెలుగు బైబిలు వాడిన మాటయు అదే (ఆది. 11:30). ఆలస్యముగానైనా తల్లి కావలెనను కోరిక వెనుక ఏ మనోభావములు పనిచేయుచున్నవి? మన ప్రసంగములు వాటిని స్వస్థపరచుచున్నవా, రేపుచున్నవా? ఇదే ఈ వ్యాసములోని ప్రశ్న.

1. నింద నుండి తప్పించుకొనవలెనను కోరిక

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామములలో సేవ చేయువారికి ఇది క్రొత్త సంగతి కాదు. పిల్లలు లేని స్త్రీని సీమంతమునకు పిలువరు. పిలిచినను ముందుకు రానివ్వరు. భర్తకు మారు మనువు చేయుదుమను బెదిరింపు ఆమె చెవిని పడుచునే యుండును. లోపము పురుషునిలో కూడ ఉండవచ్చునని వైద్యులు ఎంత చెప్పినను నింద భార్యకే మిగులును. ఇట్టి స్త్రీ నలుబది అయిదేళ్ల వయస్సులో పొలము అమ్మి విజయవాడ ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఆమె కోరునది బిడ్డనా, లేక నోళ్లు మూయించుటనా? రెండును కలిసియుండవచ్చును. ఆమెను తప్పుపట్టుటకు కాదు, ఆమె భారమును సరిగా గుర్తించుటకే ఈ ప్రశ్న.

2. పోగొట్టుకొనిన బిడ్డ

రెండవ ప్రేరణ దుఃఖము. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదములో విశాఖపట్నమునకు చెందిన దంపతులు తమ ఇద్దరు కుమార్తెలను పోగొట్టుకొనిరి. సరిగా రెండేళ్లకు, 2021లో అదే తేదీన, వారికి ఐ.వి.ఎఫ్. ద్వారా కవల ఆడపిల్లలు పుట్టిరి. మన రాష్ట్రములో ఇటువంటి దుఃఖమునకు ప్రత్యేకమైన కారణము కలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతము మంది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొనినవారే. అనేకులు ముప్పది ఏళ్లలోపే, ఇద్దరు పిల్లలతో ఆపుదురు. ఆ తరువాత హైవే మీద మోటారు సైకిలు ప్రమాదములోనో, చెరువులోనో బిడ్డ పోయినయెడల ఆ తల్లి మరల మొదటినుండి ప్రారంభింపవలెను.

ఆమెతో "దేవుడు మరల ఇచ్చును" అనుట సులభము. యోబు గ్రంథమును గమనించుడి. అతని పశుసంపద రెండంతలైనది గాని పిల్లలు మొదటివలె ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలే (యోబు 1:2, 42:12-13). తరువాత పుట్టినవారు పోయినవారికి బదులు కారు. ఆ భేదము తెలియకయే కనిన యెడల, పుట్టిన బిడ్డ చనిపోయిన బిడ్డ పేరున జీవింపవలసి వచ్చును.

3. మన వ్యాఖ్యానములో లోపము

హన్నా ప్రసంగము మన సంఘములలో తరచుగా ఒకే తీరున సాగును: ఆమె ఏడ్చినది, విడువక ప్రార్థించినది, సమూయేలును పొందినది, నీవును అట్లే చేయుము. ఈ వ్యాఖ్యానములో పొందనివారికి చోటు లేదు. వారి విశ్వాసము చాలలేదను తీర్పు మాత్రము మిగులును.

వాక్యభాగము అంతకంటె లోతైనది. పెనిన్నా హన్నాను విసికించినది ఇంటిలో మాత్రమే కాదు, ఏటేట యెహోవా మందిరమునకు పోవునప్పుడు (1 సమూ. 1:7). అనగా నింద ఆరాధన స్థలము వరకు వెంబడించినది. అక్కడ యాజకుడైన ఏలీ ఆమె దుఃఖమును మత్తుగా పొరబడెను (1:13-14). ఎల్కానా ప్రేమించినను ఆమె బాధను తన విలువతో తూచెను (1:8). అంతకంటె ముఖ్యముగా, ఆమె భోజనము చేసి ముఖము తేటపడినది గర్భము ధరించిన తరువాత కాదు, ధరింపకముందే (1:18). ఆమె నెమ్మది బిడ్డమీద ఆధారపడలేదు. కనుకనే మొక్కుకొనిన ప్రకారము బిడ్డను విడిచి రాగలిగినది. నోళ్లు మూయించుటకే కనినయెడల బిడ్డను షిలోహులో విడువగలిగెడిదా?

4. సేవకులు చేయదగినది

మొదట చట్టము తెలియవలెను. 2022 జనవరిలో అమలులోకి వచ్చిన 2021 నాటి చట్టము ప్రకారము 50 ఏళ్లు దాటిన స్త్రీకి, 55 దాటిన పురుషునికి ఈ చికిత్స చేయరాదు. గుంటూరు ఘటనను సాక్ష్యముగా చెప్పి అరువది ఏళ్ల స్త్రీకి ఆశ కల్పించుట అన్యాయము. దత్తత మార్గము కూడ తెలుపవలెను. 2022 నిబంధనల ప్రకారము రెండేళ్లలోపు బిడ్డకు దంపతుల వయస్సుల మొత్తము 85 మించరాదు. ఎదిగిన పిల్లలకు ఈ పరిమితి ఎక్కువ. ఆలస్యము చేసినకొలది ఈ ద్వారము ఇరుకగును.

రెండవది, ప్రార్థనకు ముందు వినవలెను. ఆమె నింద వలన వచ్చినదా, దుఃఖము వలననా, ముసలితనపు ఒంటరితనమునకు భయపడియా, లేక ఒక ప్రాణిని పెంచవలెనను ప్రేమ వలననా? ఒక్కొక్క దానికి ఆదరణ వేరు.

ముగింపు

మన కూటములలో సంతానము కలిగినవారి సాక్ష్యములను సంతోషముతో విందుము. అది మంచిదే. అయితే ఆ సమయమున వెనుక వరుసలో తల వంచుకొనిన సహోదరిని ఎవరు చూచుచున్నారు? మందిరములో పెనిన్నా స్వరము వినబడకుండ చేయుట కాపరి బాధ్యత. ఆ పని జరిగిన తరువాతనే, ఆమె నిజముగా బిడ్డను కోరుచున్నదో లేదో ఆమెకే తెలియును.