మాట తెలియని మధ్యవర్తి

వికారాబాద్, తాండూరు వైపు గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ల ఫోన్లలో టెలిగ్రామ్ మామూలే. నోట్సు, పాత ప్రశ్నపత్రాలు అందులోనే చేతులు మారుతుంటాయి. ఆ యాప్ సెట్టింగ్స్‌లో, ‘డేటా అండ్ స్టోరేజ్’ అడుగున ‘ప్రాక్సీ’ (మధ్యవర్తి సర్వర్) అని ఒక వరుస ఉంటుంది. వైఫైలో టెలిగ్రామ్‌ను ఆపేసినచోట తప్ప దాని జోలికి ఎవరూ పోరు. దాని వెనక ఉన్న పనితనం మాత్రం తీరికగా చూడదగ్గది.

సాక్స్5 అనే పాత పద్ధతి కూడా అక్కడుంది. నేను చెప్పేది ఎంటీప్రోటో ప్రాక్సీ గురించి. రష్యా నిషేధం విధించిన 2018లోనే టెలిగ్రామ్ దీన్ని తెచ్చింది.

ఫోన్ మొదట ప్రాక్సీకి 64 బైట్లు పంపుతుంది. పైకి అన్నీ అర్థంలేని అంకెలే. వాటిలో 32 బైట్లను, మనం ముందే నింపిన 16 బైట్ల సీక్రెట్‌నూ కలిపి ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్ లెక్కలో వేస్తే కీ వస్తుంది. సీక్రెట్ తెలియనివాడికి ఆ బైట్లు దొరికినా దండగే. మరి తిరుగుదారికి కీ? కీకి వాడిన 32, వాటి పక్కనున్న 16, మొత్తం 48 బైట్లనూ చివరి నుంచి మొదటికి చదువుతారు. అదనంగా ఒక్క బైటైనా పంపనక్కర్లేదు. ఎంత అందమైన పొదుపు! ఆఖరి 8 బైట్లను విప్పితే ఏ డేటా సెంటర్‌కు చేర్చాలో ప్రాక్సీకి తెలుస్తుంది. అసలు మెసేజ్‌కు ఫోన్, టెలిగ్రామ్ సర్వర్ ముందే వేరే తాళం వేసుకుని ఉంటాయి.

సీక్రెట్ ‘ఈఈ’ అక్షరాలతో మొదలైతే పనితనం ఇంకో మెట్టెక్కుతుంది. సురక్షితమైన వెబ్‌సైట్ తెరిచేముందు బ్రౌజర్ పంపే ‘క్లయింట్ హలో’లో 32 బైట్ల గడి ఒకటుంటుంది. అందులో ఉండాల్సింది ఇష్టారాజ్యపు అంకెలే కాబట్టి అర్థం వెతకాలని ఎవరికీ తోచదు. టెలిగ్రామ్ తన గుర్తును సరిగ్గా అక్కడే దాచింది. హలో మొత్తానికి సీక్రెట్‌తో కట్టిన హెచ్‌మ్యాక్ అనే ముద్ర అది. చివరి 4 బైట్లలో పంపిన సమయం కలిసి ఉంటుంది. పాత హలోను నకలు తీసి మళ్లీ పంపితే ఆ సమయమే పట్టిస్తుంది. లెక్క కుదరకపోతే ప్రాక్సీ వచ్చినవాణ్ని గెంటేయదు, హలోలో పేరున్న అసలు వెబ్‌సైట్‌కే చేరుస్తుంది. నిఘావాడికి కనిపించేది మామూలు సైటే. తాండూరు బండలను అతుకు కనపడకుండా పరిచే మేస్త్రీ చేతిపని లాంటిది ఇది.

మనం నింపాల్సినవి సర్వర్, పోర్ట్, సీక్రెట్, అంతే. అయితే ప్రాక్సీ నడిపేవాడికి మన మాటలు తెలియకపోయినా ఐపీ అడ్రసు, ఎప్పుడు ఎంత డేటా వెళ్లిందన్నది తెలుస్తాయి. అందుకే ఎక్కడో దొరికిన లింకు నొక్కేకంటే మనకు తెలిసినవాళ్లు నడిపే ప్రాక్సీ పెట్టుకోవడమే మేలు.