తెర మీద పడిన జడ

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఒక్కసారిగా రంగం మీదికి వచ్చెయ్యదు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని తెర నిలబెడతారు. దాని వెనక గజ్జెల చప్పుడు. కాసేపటికి తెర పైనుంచి పొడవాటి జడ ఒకటి ఇవతలికి వచ్చి పడుతుంది. ముఖం లేదు, జడ ఒక్కటే. అది ఎవరిదో చూసేవాళ్లందరికీ తెలుసు. తెలిసినా మెడలు సాచి చూస్తారు.

థ్రిల్లర్ సినిమాలో మొదటి రెండు నిమిషాలు చెయ్యాల్సిన పని కూడా ఇదే. మనిషిని దాచిపెట్టి జడను చూపించాలి. ఇరవై ఏళ్లుగా ఎడిటింగ్ గదిలో కూర్చుంటున్నాను, విద్యార్థులు తీసిన షార్ట్ ఫిల్ములు చాలానే నా చేతుల మీదుగా వెళ్లాయి. వాటిలో తడబడినవి దాదాపు అన్నీ మొదటి నిమిషంలోనే మనిషిని మొత్తం చూపించేశాయి.

ఈ రెండు నిమిషాల విద్యను చదువులో భాగం చేసిన దేశం ఇంగ్లండ్. అక్కడ పదహారు, పదిహేడేళ్ల పిల్లలు చదివే ఏ లెవెల్ మీడియా స్టడీస్‌లో, ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు 2008 నాటి సిలబస్‌లో ఒక ప్రాక్టికల్ పెట్టింది. ఇంతవరకూ ఎవరూ తియ్యని కథాచిత్రానికి టైటిల్స్, ప్రారంభ సన్నివేశం తియ్యాలి. రెండు నిమిషాలు దాటకూడదు. జట్టుకు నలుగురికి మించకూడదు. బొమ్మ, శబ్దం రెండూ పిల్లలే తయారు చేసుకోవాలి. హక్కుల బెడద లేని సంగీతమైతే బయటినుంచి తెచ్చుకోవచ్చు. ఏ తరహా సినిమా అన్నది పిల్లల ఇష్టం. చాలామంది థ్రిల్లర్‌కే మొగ్గారు. సెట్టు వెయ్యక్కర్లేదు, ఖాళీ ఇల్లూ చీకటీ చాలు కదా అనుకున్నారు.

దానికి ముందు ఇంకో చిన్న కసరత్తు ఉండేది. నాకు అసలు పరీక్ష కంటే అదే ఎక్కువ ఇష్టం. ఒక మనిషి తలుపు తెరుచుకుని లోపలికి వచ్చి, గది దాటి, ఇంకొకరికి ఎదురుగా కుర్చీలో కూర్చుని రెండు మాటలు మాట్లాడాలి. అంతే. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. తీసి చూడండి, తెలుస్తుంది. బయటినుంచి తీసిన షాట్‌లో గడియ మీద పడ్డ చెయ్యి కుడిచెయ్యి అయితే, లోపలినుంచి తీసిన షాట్‌లోనూ కుడిచెయ్యే ఉండాలి. తలుపు సగం తెరుచుకున్న క్షణంలో కోస్తే చూసేవాడి కన్ను ఆ కదలిక వెంటే పోతుంది, కోత ఉన్నట్టే తెలియదు. ఆగిన తర్వాత కోస్తే రెండు ముక్కలూ రెండు ముక్కల్లాగే కనబడతాయి. ఇక మాట్లాడుకునే ఇద్దరి మధ్యా ఒక గీత ఊహించుకుని, కెమెరా ఎప్పుడూ దానికి ఒకే పక్కన ఉండేలా చూసుకోవాలి. గీత దాటితే ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టుంటారు. థ్రిల్లర్‌లో భయపెట్టే వస్తువు తలుపే. తలుపు తియ్యడం సరిగా చిత్రించలేనివాడు తలుపు వెనక ఏముందో అన్న బెంగను ఎలా పుట్టిస్తాడు?

మా అక్కవాళ్లు లెస్టర్‌లో ఉంటారు. నా మేనకోడలు ఈ పరీక్ష చేసిన ఏడు నేను అక్కడికి వెళ్లాను. వాళ్ల జట్టు మొదట తీసింది చూపించింది. నల్ల ముసుగు వేసుకున్న మనిషి, కత్తి, టమాటా సాస్ రక్తం, గీరినట్టున్న అక్షరాలతో టైటిల్స్, చెవులు చిల్లులు పడే సంగీతం. ‘సెవెన్’ సినిమా ప్రభావం అని చూడగానే తెలిసిపోయింది. 1995లో కైల్ కూపర్ చేసిన ఆ టైటిల్స్, చేత్తో గీకినట్టుండే ఆ అక్షరాలు, వేళ్ల కొసల చర్మాన్ని బ్లేడుతో చెక్కుకునే ఆ చేతులు చూసిన పిల్లవాడు వాటిని కాపీ కొట్టకుండా ఉండలేడు. కానీ అక్కడ మనం చూస్తున్నది హంతకుడి నోటుపుస్తకాలు తయారవుతున్న తీరు. గీతలకు ఆ కథలో పని ఉంది. వీళ్ల సినిమాలో గీతలు గీతలే.

“క్లాసులో అందరూ నవ్వారు మావయ్యా” అంది, తల దించుకుని.

ఆ సాయంత్రం తనతో కూర్చుని ఫ్రిట్జ్ లాంగ్ ‘ఎమ్’ మొదటి పది నిమిషాలు చూశాను. 1931 నాటి జర్మన్ సినిమా, లాంగ్ తీసిన మొదటి శబ్దచిత్రం. బెర్లిన్‌లో పిల్లల్ని చంపేవాడొకడు తిరుగుతున్నాడు. బడి నుంచి వస్తున్న పాప బంతిని ఒక స్తంభానికి కొడుతూ ఆడుతుంది. దాని మీద హంతకుణ్ణి పట్టిస్తే బహుమానం ఇస్తామన్న ప్రకటన. ఆ ప్రకటన మీద టోపీ పెట్టుకున్న మనిషి నీడ పడుతుంది. అతను గుడ్డివాడి దగ్గర పాపకు బుడగ కొనిపెడతాడు, ఈల వేస్తూ. ముఖం కనబడదు. ఇంటి దగ్గర తల్లి కంచం పెట్టి ఎదురు చూస్తుంటుంది. పాపను పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పిలుపు మీద ఖాళీ మెట్లు, బట్టలు ఆరేసిన ఖాళీ అటక, తినేవాళ్లు లేని కంచం. పొదలోంచి బంతి దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది. బుడగ తీగల్లో చిక్కుకుని కొట్టుకుంటుంది. హత్య చూపించలేదు. కత్తి లేదు, రక్తం లేదు. సినిమా అయ్యాక కూడా కళ్ల ముందు ఉండిపోయేది మాత్రం ఆ కంచమే.

డబ్బుల్లేని విద్యార్థికి ఇంతకు మించిన పాఠం లేదు. దాచడానికి ఖర్చు కాదు. 1957లో పోలండ్ వూచ్ ఫిల్మ్ స్కూల్లో విద్యార్థిగా ఉన్న పొలాన్‌స్కీ ‘హత్య’ అనే పేరుతో సుమారు రెండు నిమిషాల ముక్క తీశాడు. తలుపు తెరుచుకుంటుంది, ఒకడు వస్తాడు, పడుకున్నవాణ్ణి పొడుస్తాడు, వెళ్లిపోతాడు. ఎవరో, ఎందుకో చెప్పడు. నోలన్ మొదటి సినిమా ‘ఫాలోయింగ్’ (1998) కూడా అలాంటి లేమిలోంచి వచ్చిందే. ఉద్యోగాలు చేసుకుంటున్న మిత్రులతో శనివారాలు మాత్రమే షూటింగ్, నలుపు తెలుపు 16 ఎమ్ఎమ్ ఫిల్ము. ఫిల్ము వృథా కాకూడదని నాటకంలా ముందే బాగా రిహార్సల్ చేసి ఒకటి రెండు టేకుల్లో ముగించేవాళ్లు. సినిమా మొదట్లో గ్లవ్స్ తొడుక్కున్న చేతులు ఒక పెట్టెలోని వస్తువుల్ని తడుముతుంటాయి, దగ్గరగా. ఎవరి చేతులు? ఎవరి పెట్టె? ఒక బల్ల, ఒక దీపం ఉంటే ఆ షాట్ ఎవరైనా తియ్యొచ్చు. ఇదీ జడే.

శబ్దం సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు అక్కడే ఎక్కువ నష్టపోతారు. 1958లో ఆర్సన్ వెల్స్ తీసిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ ఒక పొడవాటి షాట్‌తో మొదలవుతుంది. ఒక చెయ్యి బాంబు గడియారాన్ని తిప్పుతుంది, దాన్ని కారు డిక్కీలో పెడతారు, సరిహద్దు ఊరి సందడిలో ఆ కారు పోతూ ఉంటుంది. మూడు నిమిషాలు దాటినా కోత లేదు. స్టూడియోవాళ్లు దాని మీద టైటిల్స్ వేసి, హెన్రీ మాన్సినీ సంగీతం పెట్టి విడుదల చేశారు. వెల్స్ మాత్రం వద్దన్నాడు, 58 పేజీల లేఖ రాసి తనకు కావలసిందేమిటో వివరించాడు. నలభై ఏళ్ల తర్వాత, 1998లో, వాల్టర్ మర్చ్ ఆ లేఖ దగ్గర పెట్టుకుని మళ్లీ ఎడిట్ చేశాడు. టైటిల్స్ పోయాయి, సంగీతం పోయింది. వీధిలోని బార్లలోంచి, కారు రేడియోలోంచి వచ్చే పాటలు మిగిలాయి. ఇప్పుడు ఆ కారు రేడియో దగ్గరైనప్పుడల్లా గుండె జారుతుంది. అదే షాట్, చెవి మారింది. నా వరకు రెండోదే గొప్ప.

‘టచ్ ఆఫ్ ఈవిల్’ సంగతి చెబితే విని మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున అక్క వంటింట్లో కుక్కర్ పెట్టి పైకి వెళ్లింది. మూడు విజిల్స్ వచ్చాయి. అక్క స్నానంలో ఉందేమో, దిగి రాలేదు. నాలుగోది వచ్చింది. నేనూ తనూ ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. మన ఇళ్లలో పప్పుకి మూడు విజిల్స్ రాగానే ఎవరో ఒకరు స్టవ్ కట్టేస్తారు. నాలుగోది వచ్చిందంటే, కట్టెయ్యాల్సిన మనిషి కట్టెయ్యలేదు.

సినిమా దొరికింది.

వాళ్ల రెండో ప్రయత్నంలో మనిషే లేడు. వంటింటి గుమ్మం, కత్తిపీట కాదు, మామూలు కటింగ్ బోర్డు మీద సగం తరిగిన బెండకాయలు. హాల్లో ఒక చెప్పు, జత లేదు. వీధి తలుపు వేలెడు తెరిచి ఉంది. వీటన్నిటి మీదా విజిల్స్. స్టవ్ వెలిగించి షూటింగ్ చెయ్యొద్దని అక్క గట్టిగా చెప్పింది కాబట్టి బొమ్మ వేరుగా తీశారు, విజిల్స్ వేరుగా రికార్డు చేశారు. మొదట ఫోన్ కుక్కర్ పక్కనే పెడితే శబ్దం పగిలిపోయింది. హాల్లోంచి ఒకసారి, మేడ మెట్ల మీదనుంచి ఒకసారి, తలుపు మూసిన గదిలోంచి ఒకసారి తీస్తే మూడు రకాల దూరాలు వచ్చాయి. షాట్ ఏ గదిలో ఉంటే ఆ గది విజిల్. ఆ షాట్ రాకముందే దాని విజిల్ వినబడటం మొదలవుతుంది, ముందు చెవి లాక్కుపోతే కన్ను వెనకాల వస్తుంది. ఎవరూ మాట్లాడకుండా ముప్ఫై సెకన్ల ఖాళీ ఇంటి నిశ్శబ్దం కూడా రికార్డు చేసుకున్నారు. విజిల్‌కీ విజిల్‌కీ మధ్య పూర్తిగా శబ్దం లేకుండా వదిలేస్తే సౌండ్ పోయిందనుకుంటారు. ఫ్రిజ్ చప్పుడు సన్నగా ఉంటేనే అది ఇల్లు.

ట్యూబ్‌లైటు కింద మొదట తీసిన షాట్లలో వెలుగు కొట్టుకుంది. అక్కడా మన దగ్గరా కరెంటు 50 హెర్ట్జే, ఫోన్ ఏమో 30 ఫ్రేములకు పెట్టి ఉంది. 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే ఆ జబ్బు పోయింది. టైటిల్స్ తెల్లటి మామూలు అక్షరాలు, ఫ్రేమ్‌లో ఖాళీ ఉన్న చోట. నటుల పేర్లు ముందు, సంగీతం, ఎడిటింగ్, చివర దర్శకత్వం. మన సినిమాల్లోనూ దర్శకుడి పేరు చివరే వస్తుంది కాబట్టి ఆ వరస మేనకోడలికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. సినిమా పేరు ఐదో విజిల్ సగంలో, చీకటి మీద.

కుక్కర్ సంగతి తెలియని ఇంగ్లిషు పిల్లలకు అర్థమవుతుందా అని జట్టులో ఒకమ్మాయి సందేహపడిందట. ఇంకొకడు, ఆ శబ్దం ఏమిటో తెలియకపోతే ఇంకా భయం అన్నాడట. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

నేను తిరిగి వచ్చే ముందు రోజు రాత్రి మేనకోడలు హాల్లో అందరికీ సినిమా వేసి చూపించింది. మేమంతా టీవీ వైపు చూస్తున్నాం, తను మాత్రం వాళ్లమ్మ వైపే చూస్తోంది. నాలుగో విజిల్‌కి అక్క సోఫాలోంచి లేచి వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. మేనకోడలు ఏమీ అనలేదు. లాప్‌టాప్ తీసుకుని పైకి వెళ్లి, నాలుగో విజిల్‌కీ ఐదో విజిల్‌కీ మధ్య ఇంకో రెండు సెకన్లు పెంచింది.